రెండో సంచి తూకం

నరసరావుపేటలో కూర్చుని సముద్రం మీద పరిశోధన చేసిన మొదటివాణ్ణి నేనే. బహుశా ఆఖరివాణ్ణి కూడా నేనే అయివుంటాను. మా ఊరి నుంచి సముద్రం చూడాలంటే రెండు బస్సులు మారి, చివర్లో ఇసుకలో కాళ్ళీడ్చుకుంటూ నడవాలి. ఊళ్ళో సగం మందికి సముద్రమంటే బాపట్లలో పెళ్ళికి వెళ్ళినప్పుడు పనిలో పనిగా చూసొచ్చే వింత. అలాంటి ఊళ్ళో, నాపరాళ్ళ మధ్య పుట్టి పెరిగిన నేను, కొన్ని వేల ఏళ్ళ కిందట సముద్రం ఎక్కడిదాకా ఉండేదో తేలుస్తానని బయల్దేరాను. స్టాఫ్ రూములో నాకు 'సముద్రం మాస్టారు' అని పేరు పెట్టారు. పెట్టినవాడు ఎకనామిక్స్ లెక్చరరు. అతని ఊహ అంతకు మించి పోయేది కాదు.

అవి ఎనభైల మధ్య రోజులు. సముద్రం మీద ప్రేమ పుట్టి ఈ పనికి దిగానని అబద్ధం చెప్పను. మా జియాలజీ డిపార్ట్‌మెంటులో రీడరు కుర్చీ ఒకటి ఖాళీ కాబోతోంది. ఆ కుర్చీకి ఒక కాలు విరిగి, పురికొసతో కట్టి ఉండేది. అయినా సరే, డాక్టరేట్ ఉన్నవాడు మాత్రమే దాంట్లో కూర్చోవాలి. నాకంటే నాలుగేళ్ళు చిన్నవాడు ఒకడు అప్పటికే థీసిస్ టైపు చేయించుకుంటున్నాడు. రేపు వాడి ముందు నిలబడి సెలవు చీటీ ఇవ్వాల్సి వస్తుందని తలచుకుంటే నాకు అన్నం సయించేది కాదు.

మన పల్నాటి రాయి మీదే చెయ్యొచ్చు కదా అని అడిగినవాళ్ళున్నారు. రాయి గురించి చెప్పాల్సిందంతా తన శిష్యులు చెప్పేశారని మా గైడుగారు తేల్చేశారు. ఆయన యూనివర్సిటీలో ప్రొఫెసరు. ఆయన దగ్గర సముద్రం మీద ఒక సిద్ధాంతం తయారుగా ఉంది. దానికి గుల్లలు మోసుకొచ్చే మనిషి కావాలి. నాకు డాక్టరేట్ కావాలి. బేరం ఐదు నిమిషాల్లో కుదిరింది.

సిద్ధాంతం తేలికైందే. బాపట్ల వైపు తీరం నుంచి లోపలికి వస్తుంటే పొలాల మధ్య పొడుగాటి ఇసుక దిబ్బలు ఒకదాని వెనక ఒకటి కనిపిస్తాయి. ఒక్కో దిబ్బా ఒకప్పటి సముద్రపు ఒడ్డు. నది మట్టి తెచ్చి పోస్తున్నకొద్దీ సముద్రం వెనక్కి జరిగింది, దిబ్బలు అక్కడే ఉండిపోయాయి. వాటి అడుగున అప్పట్లో చచ్చిన గుల్లలు దొరుకుతాయి. గుల్లల వయసు తెలిస్తే సముద్రం అక్కడ ఎప్పుడుందో తెలుస్తుంది. గైడుగారు మూడు దిబ్బలు ఎంచారు. ఒడ్డుకి దగ్గరిది వయసులో చిన్నది కావాలి, నడిమిది దానికంటే పాతది కావాలి, లోపలిది అన్నిటికంటే పాతది కావాలి. గ్రాఫు కాగితం మీద మూడు చుక్కలూ పెట్టి గీత కూడా గీసేశారు. ఇక గుల్లలు తేవడమొక్కటే తరవాయి.

ఆయన మాతో దిబ్బల దగ్గరికి ఒకే ఒక్కసారి వచ్చారు. ముంజెల కాలం. బూట్లు విప్పకుండా తాటిచెట్టు నీడన కూర్చుని, ముంజె తిన్న వేలితోనే "అక్కడ తవ్వించండి" అని చూపించారు. కూలీలు తవ్వారు. మొదటి దిబ్బలోనూ మూడో దిబ్బలోనూ గుల్లలు పొడి ఇసుకలో శుభ్రంగా దొరికాయి. నడిమి దిబ్బలో మాత్రం నడుంలోతు గొయ్యి తీసేసరికి నీళ్ళు ఊరాయి. గుల్లలు నల్లటి బురదతో కలిసి వచ్చాయి. తవ్వినచోటే తూచి సంచి మీద బరువు రాయాలని గైడుగారి ఆజ్ఞ. స్ప్రింగు త్రాసుతో తూచి, మూడు సంచుల మీదా మూడు అంకెలు రాశాను. కడిగి ఎండబెట్టాక మళ్ళీ తూచి, ఆ అంకె కొట్టేసి కొత్తది రాయాలని ఆయన చెప్పలేదు. నాకూ తోచలేదు. అప్పటికే నేను ఎమ్మెస్సీలో గోల్డ్ మెడలు తెచ్చుకున్నవాణ్ణి.

మా నాన్న సంగతి ఇక్కడ చెప్పాలి. ఆయన మా ఊళ్ళో ఒక సున్నం డిపోలో కాటా మనిషి. బట్టీల నుంచి లారీల్లో వచ్చిన సున్నాన్ని డిపోలో తడిపి, గోనె బస్తాల్లో తూచి అమ్మేవాళ్ళు. తడి సున్నానికి ఒక గుణం ఉంది. పొద్దున తూచి కుట్టిన బస్తా రెండు రోజులు నిలవుంటే ఎండి బరువు తగ్గుతుంది. ఆ తగ్గిందాన్ని తరుగు అంటారు. పత్తి దగ్గర్నుంచి మిరపకాయల దాకా తరుగు పేరు చెప్పి రైతు సరుకులో కోత పెట్టేవాళ్ళకి మా ఊళ్ళో కొదవ లేదు. మా నాన్న దానికి పూర్తిగా తిరగబడ్డ మనిషి. కొన్నవాడు బండి కట్టుకుని వచ్చేసరికి బస్తా ఎండి ఉంటే, దబ్బనంతో కుట్టు విప్పి, మళ్ళీ కాటా మీద పెట్టి, తగ్గిన మేరకి అదే రకం సరుకు పోసి, మళ్ళీ కుట్టి ఇచ్చేవాడు. బస్తా మీద రాసిన అంకె, లోపల ఉన్న సరుకు ఒక్కటి కాకపోతే ఆయనకి కుదురుండదు. దాన్ని తరుగు పూడ్చడం అనేవాడు. డిపో యజమాని లోపల్లోపల గొణుక్కునేవాడు గాని, మాచర్ల మేస్త్రీలు కూడా మా నాన్న కాటా అనే వస్తుండటంతో పైకేమీ అనలేకపోయేవాడు.

ఇంకో సంగతి. రోజంతా సున్నంలో బతికే మా నాన్న తాంబూలంలోకి మాత్రం ఆ సున్నం ముట్టుకునేవాడు కాదు. రాతి సున్నం నోరు పొక్కిస్తుందని, చీరాల వైపు నుంచి ఎండుచేపలు తెచ్చే ఆవిడ చేత సముద్రపు గుల్లలు తెప్పించుకుని, పెరట్లో కాల్చి సొంతంగా సున్నం చేసుకునేవాడు. పెరటి గోడ వారన ఎప్పుడూ ఒక గంపెడు గుల్లలు ఉండేవి. చిన్నప్పట్నుంచీ ఆ గంప చూస్తూ పెరిగాను. సరిగ్గా దాని పక్కనే చాప పరిచి, నా మూడు సంచుల గుల్లలూ కడిగి, కలవకుండా విడివిడిగా ఎండబోశాను.

మా నాన్న డిపో నుంచి వచ్చి, అరుగు మీద కూర్చుని ఆకు చుట్టుకుంటూ అడిగాడు.

"ఏందిరా ఇయ్యి? చచ్చిన గుల్ల వయసు ఎట్టా జెబుతారు?"

క్లాసులో చెప్పినట్టే మొదలుపెట్టాను. బతికున్నన్నాళ్ళూ గుల్ల సముద్రపు నీళ్ళలోంచి కార్బన్ తీసుకుంటుంది. అందులో ఒక రకం కార్బన్ నిలకడగా ఉండదు, తనంతట తనే తగ్గిపోతుంటుంది. ప్రాణం ఉన్నప్పుడు తగ్గింది తగ్గినట్టే మళ్ళీ చేరుతుంది. ప్రాణం పోయాక కొత్తది రాదు, ఉన్నది ఒకే లెక్క ప్రకారం తరిగిపోతూ వస్తుంది. దూరాన ఉన్న ప్రయోగశాలకి పంపి ఎంత మిగిలిందో కొలిపిస్తే ఎన్నేళ్ళ కింద చచ్చిందో తెలిసిపోతుంది. ఈ ముక్క డిగ్రీ పిల్లలకి చెప్పడానికి నాకు రెండు పీరియడ్లు పట్టేది. రెండో పీరియడు సగానికి వచ్చేసరికి వెనక బెంచీలు నిద్రలో ఉండేవి.

మా నాన్న ఆకుకి సున్నం రాసుకుంటూ విన్నాడు. "అంటే తరుగు జూసి ఎన్నాళ్ళెండిందో జెప్పడమేగా. దానికి అంత దూరం పంపాలంట్రా? బస్తా జూసి నేనూ జెబుతా" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. మర్నాడు స్టాఫ్ రూములో ఈ మాట చెప్పి అందర్నీ నవ్వించాను కూడా. నా క్లాసులో ఒక్కడికీ అంత సులువుగా అర్థం కాని విషయం ఆయనకి ఆకు చుట్టేంతలో అర్థమైందని మాత్రం నాకు అప్పుడు తట్టలేదు.

ఆ వారంలో పరీక్ష పేపర్లు దిద్దడానికి గుంటూరు పోవాల్సి వచ్చింది. "ఎండాక దేని సంచిలో అది పోసి కుట్టి ఉంచు నాన్నా, కలవనీకు" అని చెప్పి వెళ్ళాను. గోనె కుట్టడంలో ఆయన చెయ్యి తిరిగిన మనిషి. ఐదు రోజుల తర్వాత వచ్చేసరికి మూడు సంచులూ తయారుగా ఉన్నాయి. కుట్లు చూస్తే ముచ్చటేసింది. పోస్టాఫీసులో తూయిస్తే, ఏ సంచీ దాని మీద రాసిన అంకెకి గురిగింజెత్తు తేడా లేదు. బురదతో తూచిన సంచి, కడిగి ఎండబెట్టాక కూడా అదే బరువు ఎలా తూగిందని గోల్డ్ మెడలు వచ్చిన బుర్ర ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఎక్కడో ఉత్తరాదిన ఉన్న ప్రయోగశాల అడ్రసు రాసి పార్సిలు పంపించి, రసీదు జేబులో పెట్టుకుని ఇంటికొచ్చాను.

ఎనిమిది నెలలకి జవాబు వచ్చింది. ఒడ్డు దిబ్బ వయసు గైడుగారు అనుకున్నట్టే ఉంది. లోపలి దిబ్బ కూడా అంతే. నడిమి దిబ్బ మాత్రం ఒడ్డు దిబ్బ కంటే చిన్నదని తేలింది. అంటే సముద్రం లోపలి నుంచి ఒడ్డుకి వెళ్ళి, మళ్ళీ ఏదో మర్చిపోయినట్టు మధ్యలోకి వచ్చి నిలబడిందన్నమాట. ఉత్తరం చివర రెండు వాక్యాలున్నాయి: రెండో శాంపిలులో కొన్ని గుల్లలు కొత్తవిగా కనిపించాయి, సేకరణ వివరాలు దయచేసి మరోసారి సరిచూసుకోగలరు.

సరిచూసుకోవడం మా గైడుగారికి అలవాటు లేని పని. ఆయన ఒక పూటంతా ఆ గ్రాఫు కాగితం వంక చూశారు. మధ్యాహ్నం భోజనం చేసొచ్చి, "ఉప్పెన" అన్నారు. ఎప్పుడో ఒక మహా ఉప్పెన వచ్చి, అప్పటి కొత్త గుల్లల్ని ఎత్తుకొచ్చి నడిమి దిబ్బలో కుక్కి పోయిందట. గుల్లలు కొత్తగా కనిపించడం దానికి రుజువట. మరి దారిలో ఉన్న ఒడ్డు దిబ్బని ముట్టుకోకుండా ఎలా దాటిందండీ అని అడిగాను.

"వేగం" అన్నారు.

నేను తలూపాను. నిజం చెప్పాలంటే తలూపడంతో ఆగలేదు. 'ఉప్పెన అధ్యాయం' అని నలభై పేజీలు నేనే రాశాను. ఉప్పెన ఎంత ఎత్తున వచ్చిందో, గుల్లల్ని ఎలా దొర్లించిందో, ఎలా తిరిగి వెళ్ళిందో దగ్గరుండి చూసినట్టు రాశాను. నా థీసిస్‌లో కాస్త చదవబుద్ధయ్యే భాగం అదొక్కటే. సెమినార్లో అది చదివితే చప్పట్లు కొట్టారు. ముందు వరసలో ఒక పెద్దాయన లేచి, తీరప్రాంత చరిత్రనే తిరగరాయాల్సిన విషయం ఇది అన్నాడు. పూలదండ ఒకటి వేశారు.

ఆ దండ చేత్తో పట్టుకుని సాయంత్రం ఇంటికొచ్చాను. మా నాన్న అరుగు మీద ఆకు చుట్టుకుంటున్నాడు. దేనికిరా దండ అని అడిగాడు. రెండో సంచి గుల్లలు కుర్రవని తేలిందని, అందులో కొన్ని కొత్త గుల్లలున్నాయని, ఉప్పెన తెచ్చి పోసిందని గొప్పగా చెప్పాను.

ఆకు మీద సున్నం రాస్తున్న ఆయన వేలు ఆగిపోయింది.

"రెండోదంటే, బురదతో తడిగా తెచ్చావే, అదేనా?"

"అదే."

"అది ఎండేసరికి చానా తగ్గిందిరా. సంచి మీద నువ్వు రాసిన అంకెకి సగం గూడా తూగలా. అంత దూరం పొయ్యే సరుకు, తక్కువ తూగిందని నిన్ను మాటంటారని..." అని ఆగాడు. "మన గంపలోయి ఏరి పోశా. అదే రకం చూసి, ఒక్కొక్కటీ ఏరి పోశా."

నేను దండ అరుగు మీద పడేశాను. నోటికొచ్చినట్టు అరిచాను. ఎవరు పొయ్యమన్నారన్నాను. నీ సున్నం డిపో కాదన్నాను. ఇంకా అనరానివి చాలా అన్నాను. అవి ఇక్కడ రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. ఆయన నా అరుపులు వినటం లేదు. నా వంక చూడటం లేదు. ఆకు చేతిలో అలాగే ఉంది.

"తరుగు జూసి వయసు జెప్పే సరుక్కి," అన్నాడు తనలో తను అనుకుంటున్నట్టు, "తరుగు పూడ్చి పంపానా!"

నా నలభై పేజీలూ ఆ ఒక్క మాటతో కూలిపోయాయి. ఆయనకి కోపం రాలేదు, బాధ వచ్చింది. ముప్పై ఏళ్ళ కాటాలో మొదటిసారి తన చేతిమీదుగా తప్పుడు సరుకు వెళ్ళిందని బాధ. కాసేపటికి లేచి, మొహం కడుక్కుని వచ్చి, "వాళ్ళకి ఉత్తరం రాయి. తప్పు మా ఇంట్లో జరిగిందని రాయి. మళ్ళా దవ్వుకొచ్చుకుందాం. నేను గూడా వస్తా, గొయ్యి నేనే దవ్వుతా" అన్నాడు.

మళ్ళీ తవ్వడమంటే ఇంకో ఏడాది. ఆ ఏడాదిలో కాలు విరిగిన ఆ కుర్చీ నాకంటే నాలుగేళ్ళు చిన్నవాడికి వెళ్ళిపోతుంది. ఆ లెక్క వెయ్యడానికి నాకు ఏ ప్రయోగశాలా అక్కర్లేకపోయింది. అయినా మర్నాడు యూనివర్సిటీకి వెళ్ళి గైడుగారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఇది నేను చేసిన ఒకే ఒక్క మంచి పని గనక చెప్పుకుంటున్నాను.

"మీ నాన్నగారు ఎన్ని కలిపారు?" అన్నారాయన.

"తగ్గినంత అండి."

"అంటే ఎంత?"

"రాసిపెట్టలేదండి. కాటా సరిపోయేదాకా పోశారు."

"రాసిపెట్టనిది డేటా కాదు" అన్నారు గైడుగారు. "డేటా కానిదాన్ని థీసిస్‌లో ఎలా పెడతామయ్యా? ఉప్పెన మీద మన పేపరు అచ్చుకి కూడా వెళ్ళింది. ఇళ్ళల్లో సవాలక్ష జరుగుతాయి. అన్నట్టు, మీ రీడరు ఇంటర్వ్యూ ఎప్పుడన్నావు?"

ఆయన మీద నాకు కోపం రావాల్సింది. రాలేదు. బయటికొచ్చేసరికి విపరీతంగా ఆకలేసింది. ముందురోజు సాయంత్రం నుంచీ ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. క్యాంటీన్లో రెండు ప్లేట్ల ఇడ్లీ తిని, హాయిగా బస్సెక్కాను. ఇంట్లో మా నాన్న గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. చెప్పేశాను నాన్నా, వాళ్ళు సరిచేస్తామన్నారు అన్నాను. ఆయన నమ్మాడు. బరువు దిగినట్టు ఊపిరి వదిలి, ఆ పూట కడుపునిండా అన్నం తిన్నాడు.

వైవా రోజున బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు తిరుగు రైలు టైము మూడుసార్లు అడిగాడు. నన్ను మాత్రం ఒక్కటే ప్రశ్న అడిగాడు: నడిమి దిబ్బ శాంపిలు విషయంలో తగిన జాగ్రత్తలు తీసుకున్నారా? చాలా తీసుకున్నామండీ, అన్నాను. ఒక రకంగా అది నిజమే. ఆ సంచి మీద మా నాన్న తీసుకున్నంత జాగ్రత్త ఇంకెవరూ తీసుకోలేదు.

డాక్టరేట్ వచ్చింది. కుర్చీ కూడా వచ్చింది. బంగారు అక్షరాల అట్టతో బైండు చేయించిన థీసిస్ ఒకటి ఇంటికి తెచ్చి మా నాన్న చేతిలో పెట్టాను. ఆయనకి ఇంగ్లీషు రాదు. మొదట్లో ఒక పేజీ చూపించి చదివి వినిపించాను. గైడుగారికి, ప్రిన్సిపాలుగారికి, ప్రయోగశాలవారికి కృతజ్ఞతల తర్వాత, శాంపిళ్ళ తూకంలో సాయపడిన మా తండ్రిగారికి అని ఆయన పేరు ఉంది. ఉప్పెన అధ్యాయం రాసిన చేత్తోనే అది కూడా రాశాను. ఆయన సంతోషిస్తాడని రాశాను.

ఆయన సంతోషించాడు. పంచె కొంగుతో చెయ్యి తుడుచుకుని, పేజీలు ఒక్కొక్కటే తిప్పడం మొదలుపెట్టాడు. ఇంగ్లీషు రాదు గాని అంకెలు వచ్చు. ముప్పై ఏళ్ళు కాటా ముందు నిలబడ్డ మనిషికి అంకెలు రాకపోవడమేమిటి? ఒకటి, రెండు, మూడు అని వరసగా దిబ్బల వయసులు వేసిన పట్టిక దగ్గర ఆగాడు. వేలు పెట్టి మొదటి అంకె చూశాడు, రెండోది చూశాడు, మళ్ళీ మొదటిది చూశాడు.

"రెండోది ఇంకా చిన్నదిగానే ఉందేందిరా?"

పుస్తకం అందుకోబోయాను. ఆయన వదల్లేదు.

"సరిజేస్తామన్నారని జెప్పావే?"

ఏదో చెప్పబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు. అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండేది. మెల్లగా పేజీలు వెనక్కి తిప్పి, తన పేరున్న పేజీ వెతికి తీశాడు. తన పేరు ఇంగ్లీషులో ఎలా ఉంటుందో ఆ రోజే నేర్చుకున్నాడు, వేలు సరిగ్గా దాని మీదే పెట్టాడు.

"నేను తెలీక జేశా. తెలిసినాక దాచలా. ఇదేమో తెలిసి జేసింది. నీ డాక్టరు నువ్వు బెట్టుకో, నేనేమీ అనను. దీంట్లో నా పేరు మాత్రం పెట్టమాక. కొట్టెయ్."

జేబులోంచి పెన్ను తీశాను. ఆయన చూస్తుండగా ఆ వాక్యం మీద అడ్డంగా గీత గీశాను. అక్షరాలు ఇంకా కనిపిస్తున్నాయని ఇంకోసారి గీయమన్నాడు, గీశాను.

"ఇట్టాంటియి ఇంకెన్ని ఉన్నాయి?" అని అడిగాడు.

"ఇదొక్కటే నాన్నా" అన్నాను.

ఐదు ప్రతులు బైండు చేయించాను. మిగతా నాలుగింటిలో ఆయన పేరు ఇప్పటికీ ఉంది.